ఇసుకమీద నీలము

కంటితో చూచినది నిజమనియు, వ్రాతలో నున్నది ప్రమాణమనియు మనము తలంతుము. ఆ రెండును ఒకదానికొకటి ఎదురు నిలిచినప్పుడు దేనిని నమ్మవలెను? ఈ ప్రశ్నకు నేను జవాబు నేర్చుకొనినది ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో గాదు. ఒక విద్యార్థి చేసిన జానెడు బొమ్మవద్ద.

గడచిన పాఠశాల ప్రదర్శనమునకై తొమ్మిదవ తరగతి బాలుడొకడు ‘మటిల్డా’ అను బ్రిటిషు యుద్ధపు టాంకు నమూనాను, అసలు కొలతలో 35వ వంతుగా, కూర్చుచుండెను. యుద్ధయంత్రములమీది వేడుకచే వాడు దానిని ఎన్నుకొనలేదు. వాని ముత్తాత మదరాసు సాపర్ల దళమున చేరి, రెండవ ప్రపంచయుద్ధములో 4వ భారత డివిజనుతో కూడ ఈజిప్టు ఎడారికి పోయినవాడు. 1940 డిసెంబరు 9వ తేదీన నిబెయివా యనుచోట ఇటలీవారి శిబిరమును ఆ డివిజనులోని 11వ బ్రిగేడువారును, 7వ రాయల్ టాంక్ రెజిమెంటువారి మటిల్డాలును కలిసి పట్టుకొనిరి. ఒక్కొక్క మటిల్డా ఇంచుమించు 26 టన్నుల బరువు. దాని ముందరి ఉక్కు కవచము 78 మిల్లీమీటర్ల మందము. ఇటలీవారి ఫిరంగి గుండ్లు దానిని ఛేదింపలేకపోయెను.

“ఆ బండ్లమీద నీలపు పట్టీలుండెను” అని ఆ వృద్ధుడు తన కుమార్తెకు పలుమారు చెప్పెనట. బొమ్మపెట్టె మీది చిత్రమును లేతనీలమునే చూపుచుండెను. ఇంగ్లాండులో ప్రదర్శనశాలయందుంచిన మటిల్డాకును అట్టి నీలమే పూసియుండగా, లోకమందలి నమూనాలు చేయువారనేకులు చాలకాలము దానినే అనుసరించిరి. ఇన్ని సాక్ష్యములు ఏకమగుట చూచి బాలుడు సంతోషించి నీలపు రంగుసీసా కొనితెచ్చెను.

నేను చరిత్ర బోధించువాడను. మూలము చూడనిదే ఏదియు వ్రాయకుడని పిల్లలకు చెప్పువాడను. కనుక పుస్తకములు తెప్పించి చూచితిని. ఆ పూతకు కాంటరు పద్ధతి యని పేరు; ఆ కాలమున ఎడారిలో బ్రిటిషు టాంకు బ్రిగేడునకు నాయకుడైన కాంటరు పేర అది వాడుకైనది. బయలు ఎడారిలో టాంకును దాచుట దుర్లభము. కావున దాని ఆకారమును కంటికి ముక్కలు ముక్కలుగా కనబరచి, శత్రువునకు గురి కుదురకుండ చేయుటకై, సరళరేఖలతో విభజించిన మూడు రంగులను వేసిరి. 1940, 1941 సంవత్సరములలో ఈ పద్ధతి నడచెను. రంగుల పేర్లు బ్రిటిషు ప్రమాణపు పట్టికలోనివి: 64వ సంఖ్యగల పోర్ట్‌లాండు రాతిరంగు, 28వ సంఖ్యగల వెండిబూడిద, 34వ సంఖ్యగల పలకరంగు. నీలమను మాటయే అందు లేదు. ఇంగ్లాండు దేశపు పరిశోధకుడు మైక్ స్టార్మరు నాటి ఉత్తరువులను, రంగు మచ్చులను పోల్చి, ఆ వెండిబూడిద నిజముగా కొంచెము ఆకుపచ్చ కలిసిన బూడిదరంగని తేల్చెను. నలుపు తెలుపుల ఛాయాచిత్రములు ఈ తగవును తీర్చజాలవు. అందు పట్టీల వెలుగునీడలు తెలియునే గాని వన్నె తెలియదు. పైగా ఆ కాలపు కొన్ని ఫిల్ములలో నీలము తెల్లబారియు, ఎరుపు నల్లబడియు కనబడును.

ఈ సంగతి తెలిసిన దినమున నేను చేసిన తప్పును దాచను. తరగతి యందరి యెదుట, “ముసలితనమున జ్ఞాపకము తప్పును. మీ ముత్తాత పొరబడెను” అని గొప్పగా పలికితిని. బాలుడు మారుమాటాడక సీసాను సంచిలో పెట్టుకొనెను. మరునాడు వాని అవ్వ బడికి వచ్చెను. ఆమె కోపపడలేదు. “అయ్యవారూ, మా నాయన చదువుకొన్నవాడు కాడు. అయినను లేనిది ఉన్నదని చెప్పినవాడు కాడు” అని మాత్రము అనెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

ఆ రాత్రి నాకొక ఊహ కలిగెను. రంగులు ఎండలో, ఇసుకమీద చూడవలసినవి గదా! మేము వాటిని బల్లమీద, దీపము క్రింద చూచితిమి. పుస్తకములోని మచ్చునుబట్టి మూడు రంగులను కలిపి ఒక అట్టమీద పట్టీలుగా పూసితిమి. బడిలో చూచినప్పుడు నడుమ పట్టీ పచ్చని ఛాయగల బూడిదయే. శనివారము సాయంకాలము బాలునితోను, అవ్వతోను మైపాడు సముద్రతీరమునకు పోయి, సరుగుడు తోపు దాటి, ఎండ తగులుచోట ఆ అట్టను ఇసుకలో నిలిపి, ఇరువది అడుగులు వెనుకకు నడచి తిరిగి చూచితిమి.

పట్టీ లేతనీలముగా నుండెను!

దగ్గరకు పోయి, తెల్లకాగితమునకు నడుమ చిన్న కంత కోసి, ఆ పట్టీ మాత్రమే కనబడునట్లు దానిని మూయగా మరల బూడిదయే. కారణము ఇది. పసుపుపచ్చని వస్తువు చుట్టునున్నప్పుడు మన కన్ను నడుమనున్న బూడిదకు పసుపునకెదురైన నీలమును తానే కల్పించుకొనును. ఇసుకయు, రాతిరంగును పసుపువన్నెలే గదా! అవ్వ చాలసేపు చూచి, “మా నాయన చెప్పిన నీలము ఇదే కాబోలు” అనెను. ఎనుబదియేండ్ల క్రిందటి చూపును నేడెవరు నిరూపింపగలరు? అయినను ఆ వృద్ధుని మాట అబద్ధము కానక్కరలేదని మాకు స్పష్టమైనది. రంగుడబ్బాలోనిది బూడిద, చూచువాని కంటిలోనిది నీలము. శత్రువు కన్నును మోసగించుటకై పూసిన రంగు ఇన్నాళ్లకు మమ్ములనుగూడ తికమకపెట్టెను.

సోమవారమున, తప్పు పలికిన ఆ తరగతి యెదుటనే, తొందరపడి తీర్పు చెప్పితినని ఒప్పుకొని బాలుని క్షమాపణ వేడితిని. వాడు నమూనాకు వెండిబూడిదయే పూసి, దానిని మైపాడు ఇసుక నింపిన పళ్లెములో నిలిపి, ప్రక్కను ఈ చీటి పెట్టెను: “పూసినది బూడిద. మా ముత్తాత చూచినది నీలము.” ప్రదర్శనమునకు వచ్చిన తల్లిదండ్రులలో చాలమంది ఆ చీటిని చదివి, వంగి మరల మరల చూచిరి. ఆ ఇసుకలో ఇరుపక్షముల బిడ్డలును చనిపోయిరని బాలుడు వారితో చెప్పుచుండుట విని, యుద్ధయంత్రమును బడిలో నుంచుటనుగూర్చి నాకు మొదట కలిగిన సంకోచము తీరెను.

ప్రియ విద్యార్థులారా, అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞను మీరు చిన్ననాటనే నేర్చితిరి. నేను నలువది దాటిన పిమ్మట దాని రెండవ సగమును నేర్చితిని: ఒకని సాక్ష్యము మనకు తెలిసినదానితో సరిపడనంత మాత్రమున దానిని అబద్ధమని పలుకరాదు. ముందుగా అతడు నిలిచినచోట మనమును నిలిచి చూడవలెను.