షార్జా నుంచి కాకకు: ఖల్లివెల్లి కథ



ఇక్కడి మేడల గురించి, బంగారం దుకాణాల గురించి దుబాయి పోయొచ్చిన ప్రతివాడూ నీకు చెప్పే ఉంటాడు. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. మెడ పట్టేసేదాకా చూశాను, బాగానే ఉంది. దానికంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యంలో ముంచింది నాలుగక్షరాల మాట ఒకటి: ఖల్లివెల్లి. ఎల్లారెడ్డి బస్టాండులో నువ్వూ వినే ఉంటావు. "ఆయన కొడుకు మూడేండ్ల సంది ఖల్లివెల్లి ఉన్నడు" అంటే మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, దగ్గర పని వదిలేసి, అఖామా అనే నివాస కాగితం లేకుండా, దొరికిన చోట కూలి చేసుకుంటున్నవాడు. పోలీసు కారు కనబడితే సందులోకి మళ్లేవాడు. ఇంట్లో పెళ్లయినా చావయినా రాలేనివాడు.

అదే మాట అరబ్బు నోట వింటే ఆశ్చర్యపోతావు. చెయ్యి అలా గాలిలోకి విసిరి "ఖల్లి వల్లి" అంటాడు. పోనీలే, వదిలెయ్, ఎవడిక్కావాలి అన్నట్టు. బస్సు తప్పిపోతే ఖల్లి వల్లి. ఫుట్‌బాల్‌లో తన జట్టు ఓడిపోతే ఖల్లి వల్లి. టీషర్టుల మీద, చాయ్ కప్పుల మీద అచ్చేసి అమ్ముతున్నారు కూడా. ఆ టీషర్టు తొడుక్కున్న కుర్రాణ్ని మొదట చూసినప్పుడు నాకు నవ్వు రాలేదు. మన దగ్గర ఎవడైనా "నా మీద వారెంటుంది" అని చొక్కా మీద రాయించుకుంటాడా?

ఇందులో ఉన్నవి రెండు మాటలు. ఖల్లి అంటే విడిచిపెట్టు. దాని వేరులో ఉన్న అర్థం ఖాళీతనం. అవును, మన "ఖాళీ" దానికి దగ్గరి చుట్టమే. అరబ్బీలోంచి ఫారసీకి, ఉర్దూకి, నిజాం కచేరీలకి, అక్కడి నుంచి మన వంటింటి డబ్బాల దాకా వచ్చింది. వింత ఏమిటంటే, మన నిజాంసాగర్ చరిత్రంతా ఆ వేరు చుట్టూనే తిరిగినట్టుంటుంది. 1923లో అచ్చంపేట దగ్గర మంజీర మీద కట్ట పని మొదలై 1931లో పూర్తయ్యేలోగా 40కి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. దాన్ని కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పనితనాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే, ఆ కాలువల కిందే మన జిల్లా ఆబి, తాబి రెండు పంటలూ చూసింది. తర్వాత చెరువులో పూడిక పేరుకుంది. ఎగువన సింగూరు డ్యామ్ వచ్చింది. కాలువ చివరి పొలాలకు నీళ్లు అందుతాయో లేదో అన్న బెంగ మొదలైంది. అటు 1970ల్లో చమురు ధర ఎగిసి, గల్ఫ్ దేశాలకు కూలీలు కావలసివచ్చారు. ఈసారి ఊళ్లు నిలిచాయి, మొగవాళ్లు ఖాళీ అయ్యారు.

రెండో ముక్క "వల్లి" ఇంకా దూరం తిరిగింది. మొగం తిప్పుకుని పోనీ అని దాని భావం. అదే వేరు నుంచి పుట్టిన మాట "విలాయత్", అంటే ఏలుబడి, ఏలుబడి కింది నేల. ఒమన్‌లో ఇప్పటికీ మన మండలాల్లాంటి పాలనా విభాగాలను విలాయత్‌లనే అంటారు. మస్కట్ పక్కన సీబ్ అలాంటిదే, మనవాళ్లు అక్కడా ఉన్నారు. హిందుస్తానీలో ఆ మాటకు పరాయి రాజ్యం అన్న అర్థం వచ్చింది, చివరికి అది ఇంగ్లండుకు పేరైపోయింది. మన పెద్దలు "విలాయత్ పోయి చదివొచ్చిండు" అనేవారు కదా. ఉత్తరాదివాళ్లు దాన్నే "బిలాయతీ" అన్నారు. మన దేశంలో ఉన్న ఇంగ్లీషు సిపాయిలు అది విని "బ్లైటీ" చేసుకుని తమ ఊరిని అలా పిలుచుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో కూర్చున్న సిపాయి బ్లైటీ గాయం కోసం దేవుణ్ని వేడుకునేవాడట. ప్రాణం పోకూడదు, కానీ ఇంటికి పంపించక తప్పనంత దెబ్బ తగలాలి. అరబ్బీలో మొగం తిప్పుకోమన్న మాట తాలూకు వేరు ఆ కందకాల చలిలో ఇంటిదారి అయ్యింది. ఇంతకంటే పిచ్చి కథ నిఘంటువుల్లో ఇంకోటి ఉంటుందా అని నా అనుమానం.

మలయాళీల కిరాణా కొట్లో కూడా ఈ మాట వినబడుతుంది. వాళ్లు అరబ్బుల్లాగే వాడతారు, పోనీలే అని. నేపాలీ వాచ్‌మన్ మాత్రం మనలాగే వాడాడు, కాగితాలు లేని మనిషికి పేరుగా. ఒక విసురు మాట మనిషికి పేరు ఎలా అయ్యిందని నేను చాలా ఆలోచించాను. నా లెక్క ఇది: పనివాడు వెళ్లిపోయాడని తెలిసి కఫీల్ "పోతే పోనీ" అన్నాడు, వాడు అన్న ఆ మాటే పనివాడికి అంటుకుంది. ఇక "వల్లి" మన నోట "వెల్లి" కావడానికి కారణం మన "వెళ్లి" అనే అనుకుంటా. వెళ్లిపోయినవాడు వెల్లి కాకుండా ఉంటాడా!

సౌదీలో దీనికి సర్కారీ మాట వేరే ఉంది: హురూబ్, పారిపోవడం. పనివాడు రావడం లేదని కఫీల్ ఫిర్యాదు రాయిస్తే ఆ ముద్ర పడుతుంది. మనవాళ్ల వాడుక గమనించు కాకా. "హురూబ్ పడ్డది" అంటారు, కాని "ఖల్లివెల్లి అయిన" అంటారు. ఒకటి తన మీద ఎవడో రాసింది, రెండోది తానే అయ్యింది. నిజానికి ఎందుకు పారిపోయాడని అడిగితే జీతం ఇవ్వలేదనో, ఎక్కడైనా పని చేసుకోవచ్చు, ఆజాద్ వీసా అని ఏజెంటు మోసం చేశాడనో, చెప్పిన పని ఒకటి చేయించింది ఇంకొకటి అనో చెప్తారు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంటుంది. ఆ సంగతి హురూబ్ కాగితంలో ఉండదు.

మాటలు అటు నుంచి ఇటే రాలేదులే. ఇక్కడి అరబ్బు టాక్సీ ఎక్కి "సీదా" అంటాడు, అది మనది. ఫ్యానును "బంకా" అంటాడు, పంకాయే. ఒమన్ రియాల్‌కు 1000 బైసాలు, ఆ బైసా మన పైసానే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చేసింది. ఈ ఎమిరేట్లలో 1966 దాకా, ఒమన్‌లో 1970 దాకా అదే చెల్లింది. ఒకప్పుడు వీళ్ల జేబులో మన రూపాయి ఉండేదని దుబాయిలోని సోనాపూర్ కూలీల క్యాంపులో మనవాళ్లకు చెప్తే ఎవడూ నమ్మలేదు. ఒకడు మాత్రం "మరి మనం ఎందుకొచ్చినట్టు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అన్నట్టు దుబాయి పటాల్లో సోనాపూర్ పేరు ముహైస్నా, బంగారపు ఊరని పేరు పెట్టుకున్నది కూలీలే.

ఇప్పుడు అసలు పని. ఇక్కడి సర్కారు అప్పుడప్పుడు ఆమ్నెస్టీ ఇస్తుంది, మన పేపర్లు క్షమాభిక్ష అని రాస్తాయి. 2018లో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ 2024లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇచ్చింది. ఆ రోజుల్లో జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు, లేదా కాగితాలు సరిచేసుకోవచ్చు. పాస్‌పోర్టు లేనివాడికి మన కాన్సులేటు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, ఒకవైపు ప్రయాణానికే. దాన్ని మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. చిక్కంతా ఎక్కడంటే, తాను ఫలానా దేశంవాడినని చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి మళ్లీ ఆమ్నెస్టీ ఇచ్చేలోగా మన చుట్టుపక్కల ఊళ్లలో ఖల్లివెల్లి అయినవాళ్ల ఇళ్లకు వెళ్లి పాత పాస్‌పోర్టు జిరాక్సు, వీసా నకలు, ఆధార్, రేషన్ కార్డు, ఏది దొరికినా ఫొటో తీసి నాకు వాట్సాప్ చేయించు. ఏజెంటు ఇచ్చిన రశీదైనా సరే. సగం ఇళ్లలో అవి దేవుడి పటం వెనకో, బట్టల పెట్టె అడుగునో ఉంటాయి, ఓపిగ్గా వెతికించు.