పట్టేసిన భుజానికి

దండెం మీద చీర ఆరేయబోతే చెయ్యి సగంలోనే ఆగిపోతుంది. జడ వేసుకుందామంటే వెనక్కి పోదు. ఆ పక్కకి ఒత్తిగిలితే రాత్రంతా జబ్బ సలుపు. 40 నుంచి 60 ఏళ్ల మధ్య, ముఖ్యంగా ఆడవాళ్లకి, భుజం ఇలా పట్టేస్తుంటుంది. డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. కీలు చుట్టూ ఉండే పొర వాచి, మందమై, బిగుసుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. అందుకే దెబ్బేమీ తగలకుండా భుజం పట్టేస్తే ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి.

నొప్పికి భయపడి చేతిని ఒంటికి అదుముకుని కూర్చుంటే బిగువు ఇంకా పెరుగుతుంది. అలాగని ఎవరైనా చెయ్యి పట్టి గుంజి సరిచేస్తామంటే ఒప్పుకోకండి. మీ చేతిని మీరే, కొద్దికొద్దిగా, రోజూ కదిలించుకోవాలి.

వేన్నీళ్ల స్నానం అయ్యాక మొదలుపెట్టండి, కండరాలు మాట వింటాయి. మంచి చేతిని బల్ల మీద ఆనించి ముందుకు వంగి, నొప్పి చేతిని వేలాడనివ్వండి. ఒళ్లు మెల్లగా ఊపితే ఆ చెయ్యి గడియారం లోలకంలా దానంతటదే ఊగుతుంది. భుజాన్ని బలవంతంగా తిప్పకూడదు. ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు 1934లో పెట్టిన అమెరికన్ సర్జన్ కాడ్మన్ పేరుమీదే ఈ వ్యాయామం ఇప్పటికీ నడుస్తోంది. నొప్పి తీవ్రంగా ఉన్న తొలి రోజుల్లో ఇదొక్కటి చేసినా చాలు.

నొప్పి నెమ్మదించాక గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లను గోడ మీద పైకి పాకించండి. అందినచోట పెన్సిలుతో గీత పెట్టుకుంటే వారం వారం తేడా కనిపిస్తుంది. తువ్వాలును వీపు వెనక నిలువుగా పట్టుకుని, పైనున్న మంచి చేత్తో కింది చేతిని మెల్లగా పైకి లాగడం ఇంకొకటి.

నేను మరీమరీ చెప్పేది మాత్రం గొడుగుతో చేసేది. ఈ జబ్బులో అన్నిటికన్నా బాగా దెబ్బతినేది చెయ్యి బయటివైపు తిరిగే కదలికే. వెల్లకిలా పడుకుని, మోచేతులు నడుముకి ఆనించి మడిచి, మూసిన గొడుగును రెండు చేతులతో అడ్డంగా పట్టుకోండి. మంచి చేత్తో నెడితే పట్టేసిన చెయ్యి బయటికి తెరుచుకుంటుంది. మోచెయ్యి పక్కటెముకలను వదలకూడదు. అది పక్కకి జరిగిందా, భుజానికి అందాల్సిన సాగుదల అందనట్టే.

ఏది చేసినా 15, 20 సెకన్లు ఆగండి, ఊపిరి బిగబట్టకండి. లాగినట్టు ఉండాలి, పొడిచినట్టు ఉండకూడదు. రాత్రికి నొప్పి ఎక్కువైతే మర్నాడు తగ్గించి చేయండి. పూర్తిగా వదలడానికి ఏడాది, ఒక్కోసారి రెండు మూడేళ్లు కూడా పట్టవచ్చు. నెల తిరక్కుండానే విసుగెత్తి మానేయకండి.

కిందపడ్డాక చెయ్యి లేవకపోయినా, తిమ్మిర్లు ఉన్నా ముందు ఎముకల డాక్టరుకి చూపించండి. భుజం నొప్పితోపాటు ఛాతీ పట్టేసి చెమటలు పోస్తుంటే, వెంటనే 108కి ఫోన్ చేయండి.

మెడ నొప్పి సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఉంటాను.