టీకా, తాత్పర్యం

తెలుగులో ‘టీకా’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి రోగం రాకుండా వేయించుకునే మందు. మరొకటి పద్యానికి చెప్పే ప్రతిపదార్థం. రొమ్ము కాన్సరు మీద వ్యాసాలు అనువదిస్తున్నప్పుడు ఈ రెండర్థాలూ ఒకచోట కలవడం చూశాను.

మశూచి టీకా బయటి శత్రువును దేహానికి ముందే పరిచయం చేసింది. కాన్సరు కణం అటువంటిది కాదు. దారి తప్పిన మన కణమే. అందువల్ల దేహాన్ని కాపాడే తెల్లకణాలు తరచు దానిని గుర్తుపట్టలేవు. చికిత్స కోసం రూపొందిస్తున్న టీకా ఇక్కడ వ్యాఖ్యాత పని చేస్తుంది. కొన్ని రొమ్ము కాన్సరు కణాలపై మితిమీరి ఉండే ‘హెర్-2’ ప్రోటీనులోని చిన్న ముక్కను చూపి, శత్రువు ఎవరో బోధిస్తుంది.

బోధించడం సులభం కాదు. అటువంటి ఒక టీకాపై జరిగిన పెద్ద పరీక్ష, ప్రయోజనం కనబడక 2016లో ఆగిపోయింది. 2021లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్, చనుబాలకు సంబంధించిన మరొక ప్రోటీను ఆధారంగా తొలిదశ పరీక్ష ప్రారంభించింది. ఇతర పరిశోధనలూ సాగుతున్నాయి.

భిలాయి ఉక్కు నగరంలో మా పొరుగు క్వార్టరు పిన్నిగారికి ఈ వ్యాధి ఎముకలకు పాకింది. “కాన్సరుకు టీకా వచ్చిందటగా, అమ్మా?” అని ఆమె అడిగితే, “ఇంకా పరీక్షల్లోనే ఉంది, పిన్నిగారూ” అన్నాను. లేని ఆశ కల్పించడం ఎంత తప్పుడు అనువాదమో, ఉన్న ఆశను దాచడమూ అంతే. ఆమె కాసేపాలోచించి, “అయితే ఇప్పుడు వాడే మందు మానకూడదన్నమాట” అన్నారు.

అంతకంటె సరియైన తాత్పర్యం నేను వ్రాయలేను.