తొడుగు ఎవరికి?

సాహిత్యంలో డాక్టరేట్ చేశాను గానీ, సీసం గురించి నేను మొదట తెలుసుకున్నది అంతర్వేదిలో మా అమ్మమ్మ పొయ్యి దగ్గరే. తాతయ్య విసురువల అంచుకి గుండ్లు కావాలి. పాత బ్యాటరీల సీసాన్ని ఇనప గరిటెలో కరిగించి మూసలో పోసేది అమ్మమ్మ. 327 డిగ్రీలకే కరిగే లోహం, దానికి వంటపొయ్యి చాలు. మడ్డి తీసిన చేత్తోనే మాకు అన్నం కలిపేది. వల తాతయ్యది, చేపా తాతయ్యదే. గుండ్లు పోసిన పని మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఈమధ్య తుపాకి గుండ్ల చరిత్ర చదివాను. వేగం పెరిగేకొద్దీ ఒట్టి సీసం గుండు గొట్టం లోపల అంటుకుపోతుంది. అందుకే 1882లో స్విస్ సైనికాధికారి రూబిన్ దానికి రాగి తొడుగు వేశాడు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఆ తొడుగు కొస తీసేశారు, గుండు ఒంట్లో విచ్చుకోవాలని. అలాంటి గుండ్లను 1899లో హేగ్ ప్రకటన నిషేధించింది. గొట్టం గురించి ఆలోచించారు, సైనికుడి ఒంటి గురించీ ఆలోచించారు. మరి సీసం పోసే చేతికి తొడుగేది?

సీసం కాల్షియంలాగే ఎముకల్లో చేరుతుందట. కడుపుతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ కదిలి బిడ్డకి అందుతుందట. నా ఐదో నెలలో ఇది తెలిసి, అమ్మకి ఫోన్ చేశాను.

"చివర్లో అమ్మమ్మ చేతులు వణికేవి కదమ్మా?"

"ముసలితనమేనే" అంది.

అయ్యుండొచ్చు. కానీ అప్పట్లో మేమెవరం అడగలేదు. మర్నాడు నా రక్తం పరీక్షకిచ్చాను, అమ్మనీ ఇమ్మన్నాను.