శివరాత్రి ఎండల్లో పల్నాడు

శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ పోతుందని పెద్దల మాట. పల్నాడులో అది పోవడం రైల్లోంచే చూడొచ్చు. ఫిబ్రవరి నెలాఖరున, పొద్దున్నే గుంటూరులో మాచర్ల పాసింజరు ఎక్కాను. నల్లపాడులో కిటికీలన్నీ మూసే ఉన్నాయి. పేరేచర్ల దాటాక ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. సత్తెనపల్లిలో ఎదుటి సీటు పెద్దాయన శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. పిడుగురాళ్ల వచ్చేసరికి సున్నపు బట్టీల తెల్లదుమ్ము మీద ఎండ పడి కళ్లు చిట్లించుకోవాల్సి వచ్చింది.

దారి పొడవునా వేపచెట్లు ఆకు రాల్చి ఎర్రటి చిగురు వేస్తున్నాయి. అక్కడక్కడా గట్ల మీద మోదుగ చెట్లు, ఆకన్నది లేకుండా ఒళ్లంతా పువ్వే. కానీ ఈ నెలలో పల్నాడుకు ఎరుపు తెచ్చేది పూలు కాదు. పట్టాలకు రెండువైపులా, ఊళ్ల మొగదల, కాస్త చదునైన జాగా ఉన్న ప్రతిచోటా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బండి ఆగినప్పుడల్లా ఘాటు పెట్టెలోకి వస్తోంది. ఎవరో ఒకరు తుమ్ముతున్నారు. ఒకప్పుడు వాననే నమ్ముకుని జొన్నా సజ్జా పండించిన మెట్ట ఇది. 1967లో సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలాక ఈ నల్లరేగడి తీరే మారిపోయింది.

గురజాలలో దిగాను. మిత్రుడు బండి తెచ్చాడు. వాళ్ల ఊరు అక్కడికీ రెంటచింతలకీ మధ్య. రెంటచింతల పేరు ఏటా మే నెల వార్తల్లో మోగుతుంది, 45 డిగ్రీలు దాటిందని. ఆ ఎండ అందరికీ తెలుసు. ఈ ఎండ గురించి ఎవరూ రాయరు. పగలు 33, 34 డిగ్రీలు, రాత్రికి దుప్పటి కావాలి. మనిషిని పని చేసుకోనిచ్చే ఎండ ఇది. పల్నాడు ఏడాది సంపాదనా, ఏడాది వంటిల్లూ రెండూ ఈ కొద్ది వారాల మీదే నిలబడి ఉన్నాయని నేను కళ్లం మీద నిలబడ్డాకే నాకు అర్థమైంది.

మర్నాడు తెల్లవారుతూనే అక్కడికి వెళ్లాం. రాత్రి మంచు తగలకుండా కాయలను కుప్పచేసి పట్టాలు కప్పుతారు. ఎండ కాస్త ఎక్కాక పట్టా తీసి, కుప్పను మళ్లీ పలచగా పరుస్తారు. కోసుకొచ్చిన కాయ ఆరడానికి పది, పదిహేను రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఈ పరచడం, కుప్ప చేయడం, కప్పడం తప్పదు. నడిపొద్దులో మిత్రుడు చెప్పులు విప్పి కాయల్లోకి దిగాడు. పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. అతని వెనక కాయల మధ్య సన్నటి దారి ఏర్పడింది. అడుగునున్న కాయ పైకి తిరిగింది. నేనూ దిగాను. పైకాయ వేడిగా, అడుగుకాయ ఇంకా చల్లగా, కాస్త మెత్తగా కాలికి తెలుస్తుంది.

ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఊపాడు. లోపల గింజ గలగలమంది. పక్క కుప్పలోంచి ఇంకోటి తీసి ఊపాడు. చప్పుడు లేదు. "ఇది ఇంకో నాలుగు రోజులుండాలి. తొందరపడి సంచికెత్తితే లోపలే బూజు పడుద్ది" అన్నాడు. తడి నూటికి పది పాళ్లకు దగ్గరగా దిగితేనే కాయ నిలవుంటుంది. తేమ మిగిలితే బూజు, బూజుతో అఫ్లటాక్సిన్ అనే విషం. ఎగుమతి సరుకు వెనక్కి రావడానికి అదొక కారణం. గుంటూరు యార్డులో వ్యాపారి చేతిలోకి తీసుకుని చూసేది రంగూ ఆరుదలే.

కళ్లం ఒక మూల వేపచెట్టు కింద ఆడవాళ్లు తాలుకాయ ఏరుతున్నారు. తెల్లబడ్డవి ఒక పక్కకు, మచ్చపడ్డవి ఒక పక్కకు. కళ్ల దాకా చెంగు కట్టుకున్నారు. కర్నూలు పడమటి వైపు నుంచి సుగ్గికి వచ్చినవాళ్లు. లారీల్లో పిల్లలతో, గిన్నెలతో వచ్చి, చేల పక్కన గుడిసెలు వేసుకుని కోతలయ్యేదాకా ఉంటారు.

"ఎన్నాళ్లుంటారమ్మా?" అని అడిగాను.

"ఉగాదికి పోతాం సార్. పిల్లోల్లకు గుడ్డలు తీసుకోని పోవాల" అంది ఒకామె, చేతులు ఆపకుండానే.

చెట్టు మొదట్లో పదేళ్లు కూడా నిండని పాప తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బడి నడిచే నెలలివి. వలస వచ్చిన పిల్లలను పనిచోట దగ్గర్లోని బడిలో కూర్చోబెట్టాల్సిన బాధ్యత మనందరిదీ. కారం తినే ప్రతి ఇంటిదీ.

ఇంటికొస్తే అక్కడ ఇంకో కళ్లం. మిత్రుడి తల్లి డాబా మీద పాత పంచె పరిచి గంజి వడియాలు పెడుతోంది. పక్కన పళ్లెంలో ఊరమిరపకాయలు. చీల్చి, ఉప్పూ వామూ వేసిన పుల్లమజ్జిగలో ఊరేసినవి. పగలు ఎండకు, రాత్రి మళ్లీ మజ్జిగలోకి. మజ్జిగంతా కాయలు పీల్చుకునేదాకా అదే పని. నన్నూ కూర్చోబెట్టి కొత్త చింతపండు ముందు పోసింది. గింజ తియ్యాలి, ఈనెలు లాగాలి. వేళ్లు జిగురెక్కుతాయి. చీమలు వస్తాయి. గంటసేపటికి నా ముందు చిన్న ముద్ద తయారైంది. ఆమె ముందు బుట్టెడు.

"పండుమిరపకాయ పచ్చడి ఈ నెల్లోనే ఎందుకు పెడతారు పెద్దమ్మా?" అన్నాను.

"కొత్త చింతపండు వచ్చేది ఇప్పుడే, పండుకాయ చేలో ఉండేదీ ఇప్పుడే. ఇంకెప్పుడు పెడతారబ్బాయ్?" అంది.

ఆ రాత్రి జొన్నరొట్టె, మీద ఆ పచ్చడి, పచ్చడి మీద వెన్న. శ్రీనాథుడి పేరున చెప్పుకునే చాటువులు పల్నాడు జొన్నకూటిని ఈసడించాయి. ఆయన పదిహేనో శతాబ్దపు కవి. మిరపకాయ పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరానికి చేరింది ఆయన తర్వాతే. ఈ పచ్చడి నంచుకోకుండా జొన్నరొట్టె మీద తీర్పు చెప్పాల్సి వచ్చినందుకు ఆయన మీద నాకు నిజంగా జాలి కలిగింది. భోజనమయ్యాక డాబా మీదే పడుకున్నాం. నాపరాయి పరిచిన డాబా. పగలంతా తాగిన వేడి చాప కిందనుంచి వీపుకు తగులుతుంటే, ముఖానికి చల్లగాలి. కింద దొడ్లో మామిడిపూత వాసన. సంవత్సరంలో ఇలాంటి రాత్రులు చాలా తక్కువ. ఏప్రిల్‌లో ఈ డాబా మీద కాలు పెట్టలేం, డిసెంబరులో పడుకోలేం.

ఈ సుఖం వెనక మిత్రుడికి భయం లేకపోలేదు. 2021లో వచ్చిన నల్ల తామరపురుగు పూత మీద పడి చేలకు చేలు తుడిచిపెట్టింది. ఆ అప్పు తీరని ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. మార్చిలో ఒక్క అకాల వర్షం చాలు, కళ్లం మీద కాయ నల్లబడటానికి. పడుకునే ముందు ఆకాశం చూసి, మళ్లీ లేచి వెళ్లి పట్టా అంచుల మీద రాళ్లు సరిచేసి వచ్చాడు. సిమెంటు కళ్లాలూ, మంచి పట్టాలూ ప్రతి రైతుకూ అందితే ఈ కాపలా సగం తగ్గుతుంది. వేల రూపాయల ఎరువులు మోసిన పంట చివరి పదిహేను రోజుల్లో మట్టినేల మీద చెడిపోవడం దారుణం.

మాచర్ల దాకా వెళ్లేవాళ్లు ఎత్తిపోతల, నాగార్జునకొండ చూసి వస్తారు. చూడాల్సినవే. కానీ పల్నాడుకు వెళ్లాలనుకుంటే శివరాత్రికి అటూ ఇటూ వెళ్లండి. గురజాలలోనో నడికుడిలోనో దిగి ఒక కళ్లం దాకా నడవండి. రైతును అడిగి, చెప్పులు గట్టున విప్పి లోపలికి రండి. తిరిగి వచ్చేటప్పుడు ఏడాదికి సరిపడా ఎండుమిర్చి అక్కడే, రైతు దగ్గరే కొనండి. తొడిమలు తీసినవి అడగొద్దు. తొడిమ ఉంటేనే కాయ నిలవుంటుంది.