ఊరుమ్మడి పచ్చిక

2025వ సంవత్సరపు వేసవి సెలవులలో మేము మా తండ్రిగారిని వెంటబెట్టుకొని స్కాట్లండు దేశమునకు పోయితిమి. మా తమ్ముడు అచ్చటి డండీ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. కోటలు చూచెదరా, కొండలు చూచెదరా యని అతడడుగగా, డెబ్బది తొమ్మిదవ యేట నున్న మా తండ్రిగారు రెంటికిని తల యూపలేదు. "గోల్పాట పుట్టిన ఊరు ఈ దగ్గర్లోనే ఉందటగదరా! అదొక్కటి సూపించు, సాలు" అనిరి.

శ్రీకాకుళపు పల్లెటూరి ముసలివానికి గోల్ఫుతో పనియేమని చదువరులకు తోచవచ్చును. మా తండ్రిగారు పదియేండ్ల బాలుడుగా నున్నప్పుడు, తీరమునందలి యొక పట్టణమున, పెద్దమనుష్యుల ఆటస్థలములో కోలల సంచి మోసెడివారు. పొదలలో పడిన బంతులను వెదకి తెచ్చుటయు వారి పనియే. ఒకనాటి సాయంకాలము, ఎవ్వరును లేరనుకొని, పారవేసిన విరుగుకోల నొకదానిని చేతబట్టి బంతినొక్కటి కొట్టిరట. అది యెంతదూరము పోయినదో కన్నెత్తి చూచునంతలో వీపున దెబ్బ పడినది. ఆ వారపు కూలియు పోయినది. కొట్టినవారెవరని మేమెన్ని మారులడిగినను వారు చెప్పలేదు. "పోయినోలు పోనారు, మనకెందుకు" అని నవ్వి యూరకుండెడివారు. కాని చేత గొడుగుండెనా, ఒంటరిగా నున్నప్పుడు కాళ్లెడముగా నిలిచి, నేలవైపు చూచి, ఆ గొడుగును మెల్లగా వెనుకకెత్తెడివారు. చిన్నతనమున మేమది చూచి నవ్వితిమి. ఆ నవ్వునకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాము.

ఆ యూరు సెయింట్ ఆండ్రూస్. అందలి 'ఓల్డ్ కోర్సు' గోల్ఫాటగాండ్రకు కాశీక్షేత్రము వంటిది. 2025 వేసవిలో అచ్చట ఒక్కమారు పదునెనిమిది గుంతలు ఆడుటకు రుసుము 300 పౌనులకు మించియున్నది. మన రూపాయలలో 35,000కు పైమాట. అది సర్కారుబడి పంతులు తలచుకొనదగిన సొమ్ము కాదు. అయినను మా తమ్ముడు లెక్కలు విప్పి మా ముందు పెట్టెను. చలికాలమున పోయినచో రుసుము బాగుగ తగ్గును. ఆ యూరి వారైనచో సాలీనా టిక్కెట్టు కొనుక్కొని, బయటివాడు ఒకటి రెండాటలకిచ్చు సొమ్ముతో ఏడాది పొడవునను ఆడుకొనవచ్చును. ఓల్డ్ కోర్సు చెంతనే 1895లో వెలసిన 'న్యూ', 1897లో వెలసిన 'జూబిలీ', 1914లో వెలసిన 'ఈడెన్' మొదలగు తక్కిన మైదానములు కలవు. వానిలో రుసుము తక్కువ. బాల్గోవ్ అను తొమ్మిది గుంతల చిన్న మైదానము పిల్లలకును క్రొత్తవారికిని ఉద్దేశింపబడినది.

ఓల్డ్ కోర్సే కావలెనన్నచో చీటీల పద్ధతి యున్నది. ఆట రెండునాళ్లుండగా పేర్లిచ్చిన యెడల, నాటి సాయంకాలమునకు ఎవరి పేర్లు వచ్చినవో తెలియజేయుదురు. పేరిచ్చుటకు సొమ్మక్కరలేదు, చీటీ తగిలిననే రుసుము. తిరుమలలో ఆర్జితసేవలకు కంప్యూటరులో డిప్పు తీయుట యెరిగిన మన తెలుగువారికి ఇది వేరుగ వివరింప బనిలేదు. జతలేని ఒంటరివారు పూర్వము రాత్రియంతయు చలిలో వరుసగట్టి నిలిచెడివారు. 2024 నుండి వారికిని ముందునాడే వేరుగ చీటీ తీయుచున్నారు. కాని ఆటగాడెవడైనను తన ఆటస్థాయిని తెలుపు హ్యాండికాపు పత్రమును చూపవలెను. అది మా తమ్మునికిని, అతని కచేరీ స్నేహితునికిని కలదు. మా తండ్రిగారికి లేదు.

అప్పుడు మా తమ్ముడొక యుపాయము చెప్పెను. "మేమిద్దరమూ చీటీ వేస్తాము. సంచి మోయడానికి ఒకరు వెంట రావచ్చు. నాన్న ఆ పేరుతో నేలంతా నడిచి చూస్తారు." మా తండ్రిగారి ముఖము విప్పారినది. "నానే మోస్తాను, మరిసిపోయాననుకున్నావేటి!" అనిరి. మాకు మాత్రము గొంతులో ముల్లు దిగినట్లయ్యెను. అరువదియేండ్లకు పైబడి గడచి, సముద్రములు దాటి వచ్చి, తిరిగి ఆ సంచియేనా? కాని వారి సంతోషమును చెరుపుటకు నోరాడలేదు.

మూడు సాయంకాలములు మేము సెల్‌ఫోను చుట్టును మూగి కూర్చుంటిమి. మూడు నాళ్లును చీటీ తగులలేదు. మూడవనాడు మా తండ్రిగారు, "రాసిపెట్టి లేదు, పడుకోండి" అని దీపమార్పించిరి.

మరునాడు ఆదివారము. ఆదివారమున ఓల్డ్ కోర్సులో ఆట లేదు. అది చిరకాలపు కట్టుబాటు. ఆట లేదు గావున చూచి వత్తమని బస్సెక్కి పోయితిమి. పోయి చూతుము గదా, జగత్ప్రసిద్ధమైన ఆ పచ్చికపై ఊరంతయు నున్నది! తల్లులు బిడ్డల బండ్లను త్రోయుచున్నారు. కుక్కలు పరువులిడుచున్నవి. ముసలివారు కఱ్ఱలూనుకొని స్విల్కన్ వాగుపై నున్న చిన్న రాతివంతెన మీద నిలిచి ఫొటోలు తీయించుకొనుచున్నారు. కంచె లేదు, కావలివాడు లేడు. మొదటి గుంతకు పోవు దారినే అడ్డముగ కోసికొని ఊరిబాట యొకటి సముద్రమునకు పోవుచున్నది.

మా తండ్రిగారు గడ్డియంచున చెప్పులు విడిచి నిలిచిరి. "ఏటిరా బాబూ, ఇది తొక్కితే ఎవులూ ఏటీ అనరా?" అనిరి. అనరని చెప్పితిమి. నాలుగడుగులు వేసి, మరల నిలిచి, "మరి గేటు తాళం ఎవులి దగ్గరుంటాది?" అని యడిగిరి. గేటే లేదని మా తమ్ముడు నవ్వెను. మేము నవ్వలేకపోతిమి. ఏలయన, మా బడి యాటస్థలపు గేటు తాళపుచెవి అప్పుడును మా జేబులోనే యున్నది. దాని సంగతి పిదప మనవి చేసికొందుము.

కంచె లేకుండుట స్కాట్లండు ప్రభువుల దయవలన గలిగినది కాదు. సముద్రమునకును సాగునేలకును నడుమ నుండు ఇసుకదిబ్బల పచ్చికను వారు 'లింక్సు' అందురు. బారువ, భావనపాడు తీరములను చూచినవారికి ఆ నేల తీరు తెలియును. వాన కురిసినను నీరు నిలువదు, నాగలికి లొంగదు. ఎవ్వరికిని అక్కరలేని నేల గనుకనే అది అందరిదయ్యెను. 1552లో అచ్చటి మతాధిపతి హామిల్టను, ఆ నేలపై కుందేళ్లను పెంచుకొనుటకు ఊరివారి యనుమతి గైకొని, గోల్ఫు మున్నగు ఆటలాడుకొను హక్కు ఊరివారిదేయని పత్రము వ్రాసియిచ్చెను. 1797లో ఊరి పాలకసంఘము అప్పులలో మునిగి ఆ నేలను అమ్ముకొనగా, అది కుందేళ్ల వర్తకుల పాలయ్యెను. ఎక్కడ చూచినను బొరియలే. ఊరివారు న్యాయస్థానమున కెక్కిరి. 1805లో కుందేళ్లను చంపు హక్కును గడించిరి. 1821లో చీప్ అను భూస్వామి, తానును ఆటగాడగుటచే, ఆ నేలను కొని కాపాడెను. 1894లో పార్లమెంటు చట్టముతో అది తిరిగి ఊరి వశమయ్యెను. 1974 నుండి చట్టముచే నేర్పడిన ధర్మకర్తల సంఘ మొకటి దానిని నడపుచున్నది. ఆట మొదలగు చోట ఠీవిగ నిలిచిన భవనము రాయల్ అండ్ ఏన్షెంటు క్లబ్బువారిది. ఇల్లు మాత్రమే వారిది; నేల వారిది కాదు.

అచ్చట అంతయు ధర్మమే యని మేము చెప్పబోము. ఆ క్లబ్బువారు స్త్రీలను సభ్యులుగ చేర్చుకొనుటకు 2014 దాక పట్టినది. బసతో గలిపి పెద్ద మూల్యమునకమ్ము ఆటవేళలు నేటికిని కలవు. ధనవంతునకు దగ్గరదారి లేని క్షేత్రము భూలోకమున నెచ్చటను లేదు గాబోలు. అయినను ధర్మదర్శనపు వాకిలిని మూయకుండుట చిన్న సంగతి కాదు. మన యూళ్లలో మందబయళ్లు, చెరువుగర్భములు ఏమైనవో చదువరులెరుగుదురు. అట్టి గ్రామపు ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగించుటకు ఏర్పాట్లు చేయుడని 2011లో మన సుప్రీంకోర్టు రాష్ట్రముల నన్నిటిని ఆదేశించెను. తీర్పు పుట్టినది గాని, కుందేళ్లు ఇంకను బొరియలు త్రవ్వుచునే యున్నవి.

మంగళవారము మరల పోయితిమి. ఓల్డ్ కోర్సు ప్రక్కనే 'హిమాలయాలు' అను ఎగుడుదిగుడు పచ్చిక యున్నది. స్త్రీలు భుజము పైకి కోల యెత్తుట మర్యాద కాదని తలచిన కాలమున, 1867లో, వారికై యేర్పడిన సంఘమువారిది. పొట్టికోలతో బంతిని నేలమీద దొర్లించుటయే అచ్చటి యాట. సభ్యులు ఆడని వేళల ఎవ్వరైనను, కాఫీ ఖరీదున కించుమించైన రుసుమిచ్చి ఆడవచ్చును. హ్యాండికాపు పత్రము నడుగువారు లేరు. మా తండ్రిగారికి కోలయు బంతియు అద్దెకు దొరకినవి. వారు కాళ్లెడముగా నిలిచిరి. మేము చిన్ననాట గొడుగుతో చూచిన నిలుకడయే. కొట్టుటకు ముందు మాత్రము ఒక్కమారు వెనుకకు తిరిగి చూచిరి. వెనుక ఎవ్వరును లేరు. బంతి మెట్ట యెక్కి, దిగి, గుంతకు మూరెడు దూరమున నిలిచెను. "ఎంత దూరమెల్లిందో ఈసారి సూసేను" అనిరి. మా తమ్ముడు సంచియెత్తి భుజమున వేసికొనెను.

తిరిగివచ్చు త్రోవలో సౌత్ స్ట్రీటున ఒక పాత పాఠశాలా భవనమును చూచితిమి. దాని పేరు 'మద్రాసు కాలేజి'. ఆ యూరివాడైన ఆండ్రూ బెల్ అను నతడు 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరున అనాథ బాలుర బడికి పెద్దయై, మన వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచెను. పలకలు, కాగితములు లేకయే చదువు చెప్పవచ్చునని గ్రహించి, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించి, ఆ పద్ధతిని 1797లో పుస్తకముగ ప్రకటించెను. ఆయన విడిచిన ధనముతో ఈ పాఠశాల 1833లో వెలసెను. 2021లో బడి క్రొత్త భవనములకు పోయినది. విజయనగరమున మహారాజావారి సంస్కృత కళాశాలలో చదివి, ఇంగ్లీషు నేర్చి, పంతులుపని చేయుచున్న మాకు ఈ కథ అంతకు మునుపు తెలియదు. మన బీదబడి యిసుక వారికి విద్యాపద్ధతి యయ్యెను. వారి యిసుకనేల మాకు పాఠము కారాదా?

తాళపుచెవి మాట. మా బడి యాటస్థలము చాల పెద్దది. ఆటల పర్యవేక్షణ మాది గనుక, బడి విడిచిన పిమ్మటను సెలవునాళ్లను గేటునకు తాళము వేయువారమును మేమే. ప్రక్క పేటల పిల్లలు గోడ దూకి వచ్చిన యెడల కేకలు వేసి తరిమితిమి. ఒకనిని చెవి పట్టి యీడ్చితిమి కూడ. గడ్డి పాడగును, అద్దములు పగులును, బాధ్యత మాపై బడునని మా వాదము. 1936లో భారత క్రికెట్టు జట్టునకు నాయకుడైన విజ్జీ విజయనగరపు రాజకుటుంబమువాడు. ఆయనకు మైదానము లేకపోవునను చింత లేదు. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్కులలో పతకము తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస చెంత పల్లె పిల్ల. రెండవ తీరు పిల్లలే మా గోడ దూకువారు. మా తండ్రిగారిని కొట్టిన చేతికిని, ఆ చెవి పట్టిన మా చేతికిని భేదమేమి? వారు నేలను తమదనుకొనిరి. మేము తాళపుచెవిని మాదనుకొంటిమి.

ఊరు చేరిన పిమ్మట ప్రధానోపాధ్యాయులతో మాటలాడి, ప్రతి సాయంకాలమును, ఆదివారములును గేటు తెరచి యుంచుటకు ఒప్పించితిమి. మొదటి నెలలోనే రెండు కిటికీ అద్దములు పగిలినవి. వాని ఖరీదు మేమిచ్చుకొంటిమి. ఇక ముందు పగులువానికి పేటవారు తలా కొంత వేసికొందుమనిరి. గడ్డి కొంత పాడైన మాటయు నిజమే. మేము చెవి పట్టి యీడ్చిన కుఱ్ఱడు మాత్రము చాలనాళ్లు గేటు బయటనే నిలిచెను. తాళము లేదని అతనికి తెలియును, మమ్ము నమ్మలేదు. ఒక ఆదివారమున మా తండ్రిగారు అతని చేయి పట్టుకొని లోనికి తీసికొనివచ్చిరి.