అవ్వ పేరు మీద ఇల్లు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థిగా ఏదైనా రాసివ్వమని అడిగారు. నాకు కవితలు రావు, కొద్దో గొప్పో లెక్కలు వచ్చు. అందుకే తమ్ముళ్లారా, మా ఇంటి లెక్క రాస్తున్నాను.

మాది బోధన్ దగ్గర చెరకు పండే పల్లె. నాయిన చెరకు కొట్టే కూలి. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గానుగ ఆడే నాలుగైదు నెలలే మా ఇంట్లో చేతినిండా పని. గుడిసె పైకప్పు కూడా చెరకాకే. వానాకాలం వస్తే అవ్వ మా పుస్తకాలను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేది.

2006లో ఇందిరమ్మ పథకం మొదలైంది. మూడేళ్లలో మూడు విడతలుగా అన్ని ఊర్లకూ ఇళ్లన్నారు. 2007లో మా ఊరి వంతు వచ్చింది. మంజూరు కాగితం ఇంటి ఆడమనిషి పేరు మీదే ఉండాలి. అంతకుముందు అవ్వ పేరు రేషన్ కార్డులో తప్ప ఏ కాగితం మీదా లేదు. నేనప్పుడు ఈ హాస్టల్‌లోనే ఏడో తరగతి. "మీకు సర్కారు ఇల్లిచ్చిందట కదరా" అని దోస్తులు సంబరపడ్డారు.

ఇచ్చింది ఇల్లు కాదు. కొంత సబ్సిడీ, కొంత అప్పు. అదీ ఒక్కసారి చేతికి రాదు. బేస్‌మెంట్ లేస్తే ఒక బిల్లు, లెంటల్ దాకా గోడలు లేస్తే ఇంకొకటి, స్లాబు పడితే మరొకటి. పని ముందు, పైసలు వెనుక. చేతిలో పైసలు లేనివాడికే కదా ఈ ఇల్లు! మరి ఆ ముందటి పని దేనితో చేయాలి? నాయిన ఒక సావుకారు దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి 20 వేలు తెచ్చాడు.

సిమెంటు బస్తాలు సర్కారు నుంచే వచ్చాయి. కానీ అవి వచ్చేనాటికి మా దగ్గర ఇటుకకు పైసల్లేవు. వాన ముసురుకు సిమెంటు గడ్డకడుతుందని, గోడలు లేస్తున్న పక్కింటివారికి అరువిచ్చి, మా వంతు వచ్చినప్పుడు తిరిగి తీసుకున్నాం. ఆ సంవత్సరం మా వాడలో సిమెంటు ఇట్లాగే ఇల్లిల్లూ తిరిగింది.

లెంటల్ దగ్గర మా ఇల్లు ఆగిపోయింది. దసరా సెలవులకు పోతే గోడల మధ్య గడ్డి మొలిచి, మేకలు మేస్తున్నాయి. అప్పుడే మాకు బడిలో బారువడ్డీ పాఠం అయింది. నోటుబుక్కు వెనుక అట్ట మీద లెక్క వేశాను. నెలకు 400, ఏడాదికి 4,800. అసలు మాత్రం అట్లాగే ఉంటుంది. చదివి వినిపిస్తే అవ్వ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "గింత లెక్క సదివినవు గదా బిడ్డా, గీ మిత్తి తగ్గే తొవ్వ సూడు" అంది.

తొవ్వ అవ్వ చేతిలోనే ఉంది. ఆమె మహిళా సంఘంలో సభ్యురాలు. అప్పట్లో సంఘాలకు పావలా వడ్డీ పథకం ఉండేది. బ్యాంకుకు వడ్డీ తప్పకుండా కడుతూ పోతే, పావలాకు మించింది సర్కారు తర్వాత తిరిగి ఇచ్చేది. అదే 20 వేలకు నెలకు 50, ఏడాదికి 600. సంఘంలో ఒకామె, "బర్రెలకిచ్చే పైసలు ఇంటికెట్ల ఇస్తరు?" అని అడ్డం పడింది. లీడరమ్మ, "ఇల్లు లేనిది బర్రెను ఏడ కడ్తది?" అన్నది. అంతే, సంతకాలు అయినయి. సావుకారు అప్పు తీరింది. 2009 ఎండాకాలంలో మంజీర ఇసుకతో స్లాబు పడింది.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. మా వాడలో కొందరు దుబాయి పోయారు. నాయిన పోలేదు. కిరాయి లేదు, మిత్తి లేదు, కూలి దొరికిన నాడు తిన్నాం. తెలంగాణ వచ్చాక బలహీనవర్గాల ఇళ్ల అప్పులు మాఫీ అయ్యాయి. అవ్వ మాత్రం పాత పాసుబుక్కును ఇప్పటికీ సందూకులో దాచుకుంది.

ఇప్పుడు మా చిన్నమ్మకు ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. 2024లో మొదలైన ఈ పథకంలో 5 లక్షలు, తిరిగి కట్టేది లేదు. బేస్‌మెంట్‌కు లక్ష, మిగతాది గోడలకు, స్లాబుకు, పూర్తయ్యాక విడతలుగా. ఫోన్‌లో ఫోటో తీసి పంపితే బిల్లు. బేస్‌మెంట్ మాత్రం ఇప్పుడూ మన పైసలతోనే లేవాలి. చిన్నమ్మ సావుకారు గడప తొక్కలేదు, సంఘంలో లక్ష తీసుకుంది. ఖర్చులన్నీ ఆమె కొడుకే రాసిపెడుతున్నాడు. వాడు మీ హాస్టల్‌లోనే ఎనిమిదో తరగతి. మొన్న ఫోన్ చేసి, గోడల బిల్లు పడింది, స్లాబుకు సలాక ఎన్ని కిలోలు పడుతుందన్నా అని అడిగాడు. ముందు గదుల కొలతలు పంపురా అన్నాను.